విరేచనం సాఫీగా కాకపోతే ఏ మందు? ఇసబ్‌గోల్, సిరప్, మాత్ర, చూర్ణం, ఆముదం

మెడికల్ షాపులో దగ్గు మందు అడిగినంత గట్టిగా ఎవరూ మలబద్ధకం మందు అడగరు. పక్కన ఎవరూ లేనప్పుడు ముందుకు వంగి, "మోషన్ ఫ్రీగా అవ్వడానికి ఏదైనా మంచిది ఇవ్వండి, కాస్త స్ట్రాంగ్‌గా" అంటారు. షాపతను కూడా మొహమాటపడి ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. మాత్రల షీటో, తెల్ల సిరప్ సీసానో ఇచ్చి పంపిస్తాడు. కొన్న మనిషికి కిడ్నీలు ఎలా ఉన్నాయి, గుండె మాత్రలేమైనా వాడుతున్నారా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నాయా అనే సంగతులేవీ బయటికి రావు.

ఈ మందుల్లో చాలావరకు డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతాయి. సరిగ్గా వాడితే ప్రమాదం తక్కువే. చిక్కంతా ఆ "స్ట్రాంగ్" అనే మాటతోనే. వీటిని బలం ప్రకారం వరసలో నిలబెట్టలేం, ఎందుకంటే ఒక్కోటి పేగులో ఒక్కో పని చేస్తుంది. ఒకటి మలానికి పీచు కలిపి పెంచుతుంది, ఒకటి నీళ్లు పట్టి ఉంచుతుంది, ఒకటి పేగు కండరాన్ని కదిలిస్తుంది. మీ బాధ ఏ రకమో, ఎంతసేపు ఆగగలరో, ఒంట్లో ఇంకేం జబ్బులున్నాయో తెలిస్తే ఏ మందన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందు, ఇది మలబద్ధకమేనా

రోజూ పొద్దున్నే ఒకసారి అయి తీరాలని మన ఇళ్లలో గట్టి నమ్మకం. వైద్యం అలా చెప్పదు. రోజుకు మూడుసార్లు అయ్యేవాళ్లూ మామూలే, రెండు రోజులకోసారి అయ్యేవాళ్లూ మామూలే. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ అవుతున్నా, మేక పెంటికల్లా గట్టిగా ఉండలుగా వస్తున్నా, బాగా ముక్కాల్సి వస్తున్నా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టే అనిపిస్తున్నా దాన్ని మలబద్ధకం అంటారు. రెండు రోజులకోసారే అయినా మెత్తగా, ఇబ్బంది లేకుండా అవుతుంటే మందు అక్కర్లేదు.

ఇంకో రకం ఉంది. మలం మెత్తగానే ఉంటుంది, కానీ బయటికి రాదు. అరగంట కూర్చోవాలి, కొందరికి వేలు పెట్టి తీసుకోవాల్సి వస్తుంది. వదులవ్వాల్సిన సమయంలో మలద్వారం దగ్గరి కండరాలు బిగుసుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఈ రకానికి ఎన్ని సీసాలు మార్చినా పెద్దగా లాభం ఉండదు. బయోఫీడ్‌బ్యాక్ అనే కండరాల శిక్షణ ఉంది, గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు పంపిస్తారు. ఏళ్ల తరబడి మందు మీద మందు మార్చి అలిసిపోయినవాళ్లు ఈ సంగతి ఒకసారి డాక్టరుతో మాట్లాడాలి.

కొత్త మందు కొనే ముందు ఇంట్లో ఉన్న మందుల డబ్బా ఒకసారి చూడండి. ఐరన్, కాల్షియం మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి ఇచ్చే వెరాపమిల్, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, ఈ మధ్య షుగరుకీ బరువుకీ వాడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్, ఇవన్నీ మలబద్ధకం తెస్తాయి. ఐరన్ మొదలుపెట్టిన వారానికే బాధ మొదలైతే కారణం వెతకాల్సిన పనే లేదు. అయితే ఆ మాత్ర సొంతంగా ఆపేయకుండా, రాసిచ్చిన డాక్టరుకు చెబితే రకమో మోతాదో మారుస్తారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇలాగే ఉంటుంది, దానికి ఒక రక్తపరీక్ష చాలు.

ఇసబ్‌గోల్: మంచిదే, కానీ నీళ్లు లేకుండా కాదు

ఇసబ్‌గోల్ ఒక గింజ పైన ఉండే పొట్టు. పంట ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లలో పండుతుంది, మెహసాణా జిల్లాలోని ఉంఝా మార్కెట్ దానికి పెద్ద అడ్డా. ప్రపంచానికంతా ఎక్కువగా మన దేశం నుంచే వెళ్తుంది. ఈ పొట్టు నీళ్లు పీల్చి జెల్లీలా ఉబ్బుతుంది. పేగులో మలం పరిమాణం పెరిగి మెత్తబడుతుంది, ఆ ఒత్తిడికి పేగే దాన్ని ముందుకు తోస్తుంది.

పని మొదలవ్వడానికి 12 గంటల నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. ఈ రాత్రి వేసుకుని రేపు పొద్దున్నకు ఫలితం కావాలనుకునేవాళ్లకు ఇది తగదు. కూరగాయలు, పీచు తక్కువ తినేవాళ్లకు, తేలికపాటి బాధ ఉన్నవాళ్లకు, ఎక్కువ కాలం వాడాల్సినవాళ్లకు మొదటి ఎంపిక ఇదే. కొలెస్ట్రాల్ కూడా కాస్త తగ్గిస్తుంది, అది కొసరు.

ఎలా తీసుకుంటున్నామన్నదే ఇక్కడ అసలు విషయం. ఒక చెంచాతో మొదలుపెట్టి, వారంలో రెండు చెంచాల దాకా పెంచుకోవచ్చు. పెద్ద గ్లాసు నీళ్లలో, అంటే సుమారు 240 మిల్లీలీటర్లలో కలిపి, చిక్కబడక ముందే తాగేయాలి. ఆ తర్వాత ఇంకో గ్లాసు తాగితే మరీ మంచిది. చెంచాడు పొడిని నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగే అలవాటు ప్రమాదకరం, గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డం పడొచ్చు. సరిగ్గా పడుకునే ముందు కూడా వద్దు. పెరుగులో కలిపి తినేది విరేచనాలు పట్టుకున్నప్పటి పద్ధతి. మలబద్ధకానికి నీళ్లే కావాలి.

మొదటి వారం గ్యాస్, ఉబ్బరం ఉంటాయి. అది చూసి చాలామంది మానేస్తారు. మోతాదు నెమ్మదిగా పెంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ఎవరికి వద్దు? మింగడం కష్టమైనవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు, నీళ్లు కొలిచి తాగమన్న డయాలసిస్, గుండె రోగులకు ఇది సరైనది కాదు. మలం ఇప్పటికే గట్టిగా గడ్డకట్టి అడ్డంపడి ఉంటే దాని వెనక ఇంకా పీచు పంపడం వల్ల బాధ పెరుగుతుంది. మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి వాడుతూ మలబద్ధకం వచ్చినవాళ్లకూ ఇంతే. థైరాయిడ్ మాత్రకు, షుగరు మాత్రకు, డిగాక్సిన్, లిథియం, వార్ఫరిన్‌లకు కనీసం రెండు గంటల ఎడం పెట్టాలి, లేకపోతే వాటిని ఒంట్లోకి సరిగ్గా వెళ్లనివ్వదు.

లాక్టులోజా, పీఈజీనా

అసలు పోటీ వీటి మధ్యనే అని నా అభిప్రాయం. రెండూ పేగులో నీళ్లు పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తాయి. పేగును బలవంతంగా కదిలించవు కాబట్టి మెలిపెట్టే నొప్పి తక్కువ. మొలలు, ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) ఉన్నవాళ్లకు, ఆపరేషన్ అయి ముక్కకూడని వాళ్లకు ఇలాంటివే కావాలి.

లాక్టులోజ్ తియ్యటి సిరప్. డుఫాలాక్, లూజ్ లాంటి పేర్లతో దొరుకుతుంది. పెద్దవాళ్లకు మామూలుగా రోజుకు 15 నుంచి 30 మిల్లీలీటర్లు. మనం అరిగించుకోలేని చక్కెర ఇది, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. అందుకే గ్యాస్ ఎక్కువ, పొట్ట గుడగుడమంటుంది. ఫలితానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు. తియ్యగా ఉంది కదా అని షుగరు ఉన్నవాళ్లు భయపడతారు. మలబద్ధకానికి వాడే మోతాదులో రక్తంలో చక్కెర మీద పెద్ద ప్రభావం ఉండదు. లివర్ జబ్బుకు ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు మాత్రం చూసుకోవాలి. లివర్ బాగా పాడైనవాళ్లకు మతి తప్పకుండా, అమ్మోనియా తగ్గించడానికి ఇదే సిరప్ ఇస్తారు. వాళ్లు "విరేచనాలు ఎక్కువవుతున్నాయి" అని సొంతంగా ఆపేస్తే ప్రమాదం, వెంటనే డాక్టరుతో మాట్లాడాలి.

పీఈజీ అంటే పాలీ ఇథిలీన్ గ్లైకాల్, కొన్ని ప్యాకెట్ల మీద మాక్రోగాల్ అని ఉంటుంది. నీళ్లలో కలుపుకునే పొడి. బ్యాక్టీరియా దీన్ని ముట్టదు కాబట్టి గ్యాస్ తక్కువ. పెద్దవాళ్ల మామూలు మోతాదు రోజుకు 17 గ్రాములు, ఒక గ్లాసు నీళ్లలో. లవణాలు కలిపిన ప్యాకెట్లలో కొలత వేరుగా ఉంటుంది, దాని మీద రాసినట్టే కలపాలి. పని చెయ్యడానికి ఒకటి నుంచి మూడు రోజులు.

రెండింటినీ పోల్చిన పరిశోధనలను 2010లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించి, విరేచనాల సంఖ్యలోనూ మెత్తదనంలోనూ పీఈజీదే పైచేయి అని తేల్చింది. 2023లో అమెరికాలోని రెండు జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పీఈజీకి బలమైన సిఫారసు ఉంది. లాక్టులోజ్‌కూ, పీచుకూ, సెన్నాకూ (సునాముఖి ఆకు మందు) షరతులతో కూడిన సిఫారసు మాత్రమే. అందుకని, దీర్ఘకాలం వాడాల్సిన పెద్దవాళ్లకు పీఈజీ వైపే మొగ్గుతాను. అయినా మన దగ్గర లాక్టులోజ్ ఎక్కువ రాస్తారు. ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది, పొడి కలుపుకునే పని లేదు, తియ్యగా ఉంటుంది కాబట్టి ముసలివాళ్లు గునవకుండా తాగుతారు. అవీ కారణాలే. గ్యాస్ భరించగలిగితే లాక్టులోజ్‌తో తప్పేమీ లేదు.

పీఈజీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ముందు పేగు మొత్తం కడగడానికి ఇచ్చే పెద్ద ప్యాకెట్ కూడా ఇదే పదార్థం, దాన్ని రెండు లీటర్ల నీళ్లలో కలుపుతారు. రోజువారీ ప్యాకెట్ బదులు అది చేతికొస్తే ఆ రోజంతా బాత్‌రూంలోనే. పక్షవాతం వచ్చి, నీళ్లలో చిక్కదనం పొడి కలిపి తాగిస్తున్నవాళ్ల సంగతి ఇంకోటి. పిండిపదార్థంతో చేసిన ఆ చిక్కదనాన్ని పీఈజీ పల్చబరిచేస్తుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

తెల్ల సిరప్‌లు

మన ఇళ్లలో బాగా కనిపించేవి ఇవే. మిల్క్ ఆఫ్ మెగ్నీషియాను, లిక్విడ్ పారాఫిన్‌ను కలిపి చేస్తారు. క్రెమాఫిన్ ఆ రకం. క్రెమాఫిన్ ప్లస్‌లో వీటికి తోడు సోడియం పికోసల్ఫేట్ అనే పేగును కదిలించే మందు కూడా ఉంటుంది. క్రెమలాక్స్ అనే మాత్రలో ఉండేది పికోసల్ఫేట్ ఒక్కటే. పేర్లు అన్నదమ్ముల్లా వినిపిస్తాయి, లోపల ఉన్నవి వేరు. "పోయినసారి ఇచ్చిందే ఇవ్వండి" అంటే ఏది వస్తుందో చెప్పలేం. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉండే కాంపోజిషన్ ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు రోజులు, మూడు రోజులు వాడటానికి వీటితో ఇబ్బంది లేదు. కొన్ని గంటల్లోనే పని చేస్తాయి కూడా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల విషయం వేరు. ఒంట్లోకి చేరిన మెగ్నీషియాన్ని కిడ్నీలే బయటికి పంపాలి. అవి పని చెయ్యకపోతే అది రక్తంలో పేరుకుని మగతగా ఉండటం, బీపీ పడిపోవడం, గుండె కొట్టుకునే వేగం తగ్గడం దాకా వెళ్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల, కిడ్నీ జబ్బు ఉందని తెలియకుండానే తిరిగేవాళ్లున్న ఊళ్లలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా నెలల తరబడి మెగ్నీషియా సిరప్ తాగడం మంచిది కాదు.

లిక్విడ్ పారాఫిన్ నూనెలాంటిది. పడుకుని ఉన్న ముసలివాళ్లకు తాగిస్తే కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. రోజూ వాడితే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. థైరాయిడ్ మాత్ర, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మెగ్నీషియంతో కలిసి వేసుకుంటే సరిగ్గా పని చెయ్యవు. నా వరకు, ఈ సిరప్‌లు ఇంట్లో అత్యవసరానికి ఉంచుకునేవి, రోజూ తాగేవి కావు.

రాత్రి మాత్ర, పొద్దున్న ఫలితం

బిసకొడిల్, సోడియం పికోసల్ఫేట్, సెన్నా, ఈ మూడూ పేగు కండరాన్ని రెచ్చగొట్టి కదిలిస్తాయి. డల్కోలాక్స్ అంటే బిసకొడిల్. రాత్రి పడుకునే ముందు 5 మిల్లీగ్రాములు, చాలకపోతే 10. ఆరు నుంచి పన్నెండు గంటల్లో పని చేస్తుంది. మాత్ర పైన ఒక పూత ఉంటుంది. నమిలినా, పొడి చేసినా, పాలతో లేదా గ్యాస్ మందుతో వేసుకున్నా ఆ పూత పొట్టలోనే కరిగిపోయి మంట, నొప్పి వస్తాయి. నీళ్లతో మింగాలి. పాలకూ దీనికీ కనీసం గంట ఎడం ఉండాలి.

మూడు నాలుగు రోజులుగా కాలేదు, రేపటికి ఎలాగైనా కావాలి అంటే వీటిలో ఒకటే సరైన ఎంపిక. పైన చెప్పిన 2023 మార్గదర్శకాలు బిసకొడిల్‌నూ పికోసల్ఫేట్‌నూ కొద్దికాలానికి, లేదా వేరే మందుతో కానప్పుడు అప్పుడప్పుడు వాడమంటాయి.

వీటితో జనం ఇరుక్కునే తీరు ఒకటి ఉంది. ఒక మాత్రతో పేగులో రెండు మూడు రోజుల సరుకంతా ఖాళీ అవుతుంది. మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి మర్నాడు మోషన్ రాకపోవడమే సహజం. "అయ్యో, మళ్లీ మొదలైంది" అని ఆ రాత్రి ఇంకో మాత్ర. ఇలా వారంలోనే అది రోజువారీ మాత్ర అయిపోతుంది. మాత్ర పేగును చంపేసిందని చాలామంది భయపడతారు. మామూలు మోతాదుతో పేగు శాశ్వతంగా పాడవుతుందనడానికి బలమైన ఆధారం లేదు. వాళ్లను పట్టుకున్నది చాలావరకు ఆ మర్నాటి టెన్షనే. మాత్ర వేసుకున్నాక రెండు రోజులు ఓపిక పట్టగలిగితే ఈ చక్రం మొదలే కాదు.

ఎక్కువ మోతాదు మాత్రం నిజంగానే ప్రమాదం. నీళ్ల విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోతుంది. లాసిక్స్ లాంటి నీరు తీసే మాత్రలు, డిగాక్సిన్ వాడేవాళ్లకు గుండె లయ తప్పొచ్చు. బరువు తగ్గడానికి వీటిని మింగే కుర్రాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తిన్నదాంట్లోని క్యాలరీలు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి. ఈ మందులు పని చేసేది ఆ తర్వాత, పెద్దపేగులో. తగ్గేది నీళ్ల బరువే.

ఇక చూర్ణాలు. "ఆయుర్వేదం కదా, ఎన్నాళ్లయినా వాడొచ్చు" అని పదేళ్లుగా రాత్రి చెంచాడు చూర్ణం వేసుకునేవాళ్లు మన చుట్టూ ఉంటారు. కాయం చూర్ణంలో ప్రధానమైనది సునాముఖి ఆకు. అదే సెన్నా, తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతం నుంచి ప్రపంచమంతా వెళ్లే ఆకు, ఇంగ్లిషు మాత్రల్లోనూ ఉండేది. సాఫ్టోవాక్ పొడిలో ఇసబ్‌గోల్‌తో పాటు సునాముఖి కూడా ఉంటుంది. దాన్ని ఇసబ్‌గోల్ అనుకుని పిల్లలకూ పెద్దలకూ కలిపి ఇచ్చే ఇళ్లున్నాయి. ఆకు అయినంత మాత్రాన పేగు మీద దాని పని మారదు. ఏళ్ల తరబడి సెన్నా వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది. కొలనోస్కోపీలో అది చూసి హడలిపోతారు గానీ, దానితో హాని లేదు, మందు మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది. త్రిఫల వీటికన్నా తేలిక, అందులో ఉండేవి కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. డబ్బా మీద త్రిఫల అని ఉన్నా, వెనక సునాముఖి కూడా కలిపారేమో చదవాలి.

ఆముదం

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఒకప్పుడు ఆముదం పంటకు కొదవ ఉండేది కాదు, తాగించే అలవాటుకూ కొదవ లేదు. పని చేస్తుందా అంటే చేస్తుంది, రెండు నుంచి ఆరు గంటల్లో, గట్టిగా. మెలిపెట్టే నొప్పితో పాటు నీళ్ల విరేచనాలు తెస్తుంది. పేగులో ఆముదం నుంచి రిసినోలిక్ యాసిడ్ విడుదలవుతుంది. అది కణాల మీద ఉండే ఏ గ్రాహకం (రిసెప్టర్) మీద పని చేసి పేగును బిగిస్తుందో, అదే గ్రాహకం ద్వారా గర్భాశయాన్ని కూడా బిగిస్తుందని 2012లో తేలింది. గర్భిణికి ఆముదం తాగించకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పట్టే ఆముదం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తేవచ్చు. ఇన్ని మెరుగైన మందులుండగా ఆముదాన్ని నేను ఎవరికీ సూచించను.

కింది నుంచి పెట్టేవి

మలం కిందికి వచ్చి ద్వారం దగ్గరే గట్టిగా ఆగిపోతే నోటి మందు కన్నా గ్లిజరిన్ లేదా బిసకొడిల్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మాత్ర) మేలు, పావుగంట నుంచి గంటలోపు పని అవుతుంది. ఫాస్ఫేట్ ఎనిమాల (మలద్వారం నుంచి ఎక్కించే ద్రవం) విషయంలో జాగ్రత్త. 24 గంటల్లో ఒక్కసారికి మించి సోడియం ఫాస్ఫేట్ వాడితే కిడ్నీకీ గుండెకూ హాని జరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ముసలివాళ్లకు, కిడ్నీ, గుండె రోగులకు దీన్ని ఇంట్లో సొంతంగా ఇవ్వకండి.

ఎవరికి ఏది

గర్భిణులకు మన దగ్గర ఐరన్ మాత్ర తప్పనిసరి, రోజుకు 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్‌తో కలిపి. దానికి గర్భం వల్ల పేగు నెమ్మదించడం తోడై మలబద్ధకం సర్వసాధారణం. బిడ్డకు మంచిది కాదేమోనని మందు మానేసి బాధ పడేవాళ్లూ, విసుగొచ్చి ఐరనే మానేసేవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ గర్భిణులకు సాధారణంగా సురక్షితం. పీఈజీ కూడా వాడతారు. సెన్నా, బిసకొడిల్ డాక్టరు చెబితేనే.

పసిపిల్లల్లో, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు కొన్ని రోజుల పాటు మోషన్ కాకపోయినా, పొట్ట మెత్తగా ఉండి, పాలు బాగా తాగుతుంటే, వచ్చినప్పుడు మెత్తగా వస్తే అది మలబద్ధకం కాదు. తమలపాకు కాడనో, సబ్బు ముక్కనో పెట్టడం వల్ల లోపలి పొర గీసుకుపోతుంది. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం కూడా వద్దు, బొటులిజం (బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలకు పిల్లల డాక్టర్లు ముందుగా ఎంచుకునేది పీఈజీ, అది కుదరకపోతే లాక్టులోజ్. మోతాదు బరువును బట్టి ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్ల ప్యాకెట్‌లో సగం అని లెక్క వెయ్యకండి. పిల్లల్లో మందు కొన్ని నెలలు వాడాల్సి రావచ్చు. నొప్పికి భయపడి బిగబట్టుకునే అలవాటు పోకముందే మందు ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

మంచం పట్టిన పెద్దవాళ్లలో ఒక వింత జరుగుతుంది. రోజుల తరబడి గట్టిపడిన మలం గడ్డ పక్క నుంచి నీళ్లలాంటి మలం కారుతుంటుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలు పట్టుకున్నాయనుకుని వాటిని ఆపే లోపెరమైడ్ మాత్ర వేస్తారు, పరిస్థితి ఇంకా విషమిస్తుంది. నాలుగు రోజులు ఏమీ కాక, ఐదో రోజు బట్టల్లోనే కొంచెం కొంచెంగా నీళ్లలా అవుతుంటే డాక్టరో నర్సో వేలితో పరీక్ష చెయ్యాలి.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవాళ్లకు మలబద్ధకం వచ్చేదాకా ఆగకుండా మొదటి రోజు నుంచే సెన్నా లేదా బిసకొడిల్, అవసరమైతే పీఈజీ కలిపి ఇస్తారు. ఇక్కడ రోజూ వాడటం తప్పు కాదు, అవసరం.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇక్కడి సీసాలు సూట్‌కేసులో పెట్టుకెళ్తుంటారు. అక్కర్లేదు. అమెరికాలో మిరాలాక్స్ పేరుతో పీఈజీ చీటీ లేకుండానే దొరుకుతోంది, దానికి 2006లో అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో ఇసబ్‌గోల్‌ను ఫైబోజెల్ అని అమ్ముతారు. అక్కడ 2020 నుంచి బిసకొడిల్, సెన్నా లాంటివి మెడికల్ షాపులు కాని మామూలు షాపుల్లో చిన్న ప్యాకెట్లలోనే ఇస్తున్నారు, 12 ఏళ్లలోపు పిల్లలకు చీటీ కావాలి.

మందు కన్నా ముందు డాక్టరు

కడుపు నొప్పితో పాటు ఉబ్బరం, వాంతులు, గాలి కూడా పోకపోవడం ఉంటే ఏ విరేచన మందూ వెయ్యకూడదు. పేగు మూసుకుపోయి ఉండొచ్చు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, తారులా నల్లటి మలం, కారణం తెలియని బరువు తగ్గడం, రక్తహీనత, మలం సన్నగా రావడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన మలబద్ధకం, వీటిలో ఏది ఉన్నా సీసా కొనే ముందు పరీక్ష. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లగా వస్తుంది, అది వేరు, కానీ వేరని తేల్చాల్సింది డాక్టరే. రక్తం కనిపిస్తే "మొలలే" అని ఇంట్లో తేల్చేసుకోవడం మనకు బాగా అలవాటు, పెద్దపేగు క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఇదీ ఒక దారి.

పైవన్నీ వాడినా లొంగకపోతే ప్రుకలోప్రైడ్, లూబిప్రోస్టోన్ లాంటివి ఉన్నాయి. అవి చీటీ మందులు, ఎంచుకోవాల్సింది డాక్టరు.

మొదలుపెట్టడం, ఆపడం

ఏ జబ్బూ లేని పెద్ద మనిషి అయితే ఇలా వెళ్లొచ్చు. పొద్దున టిఫిన్ తిన్న తర్వాత పావుగంటకు, పేగు సహజంగా కదిలే సమయంలో, తొందరలేకుండా కూర్చోవడం. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట. జామ, బొప్పాయి, ఆకుకూరలు, పొట్టుతో ఉన్న పప్పులు. నీళ్లు తక్కువ తాగేవాళ్లయితే పెంచడం, ఇప్పటికే సరిపడా తాగేవాళ్లు బిందెలు బిందెలు తాగినా అదనపు లాభం లేదు. దీంతో కుదరకపోతే ఇసబ్‌గోల్ రెండు వారాలు. చాలకపోతే పీఈజీ లేదా లాక్టులోజ్. మధ్యలో మూడు రోజులు ఏమీ కాకపోతే ఒక్క రాత్రికి బిసకొడిల్. ఖర్చు ఆలోచిస్తే జన ఔషధి కేంద్రాల్లో అడగండి, జనరిక్ బిసకొడిల్‌కూ డల్కోలాక్స్‌కూ పనిలో తేడా ఉండదు.

ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపకండి. పీఈజీ అయితే మోతాదు సగం చేసి ఒకటి రెండు వారాలు చూసి, తర్వాత రోజు విడిచి రోజు. ఏళ్లుగా సునాముఖి చూర్ణం మీద ఉన్నవాళ్లు ముందు పీఈజీ మొదలుపెట్టి, అది కుదురుకున్నాక చూర్ణాన్ని చెంచా నుంచి అరచెంచాకు, తర్వాత వారానికి రెండు మూడు రాత్రులకు తగ్గించుకుంటూ రావచ్చు. ఇలా తగ్గించడానికి రెండు మూడు నెలలు పట్టినా ఫరవాలేదు. ఆ కాలంలో ఒకరోజు మోషన్ కాకపోతే చూర్ణం డబ్బా వైపు చెయ్యి పోనివ్వకుండా, మూడో రోజు దాకా ఆగి చూడండి.